బట్వాడా కాని మూడు పిలుపులు

ముప్ఫై రెండేళ్లు రైలు పెట్టెలో నిలబడి ఉత్తరాలు విడదీశాను. రిటైరయ్యాక పదకొండేళ్లుగా తప్పిపోయిన వస్తువుల్నీ, తప్పించుకున్న మనుషుల్నీ వెతికిపెడుతున్నాను. రెండు పనుల్లోనూ నాకు తెలిసొచ్చింది ఒకటే. తప్పు చేసినవాడు "నేను కాదు" అంటాడు. చేయనివాడు ఇంకాస్త గట్టిగా "నేను కాదు" అంటాడు. ఆ మందుల కోల్డ్ స్టోరేజీలో మాత్రం నేను కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే ఇద్దరు "నేనే" అన్నారు. మూడోవాడు కూడా అన్నాడు గానీ కాస్త ఆలస్యంగా అన్నాడు. వాడి సంగతి వాడి వంతు వచ్చినప్పుడు చెబుతాను.

జరిగింది ఇదీ. ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటా పదికి స్టోర్‌కీపరు నాలుగో గదిలోకి వెళ్లాడు. అది టీకా మందుల గది, సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంటుంది. ఒక్క పెట్టె కోసం ఒక్క నిమిషమే కదా అని కోటు కూడా వేసుకోలేదు. వెనకాల తలుపు పడింది. లోపలి పిడి మంచు పట్టి బిగుసుకుపోయి ఉంది, తిప్పినా తిరగలేదు. అలాంటప్పుడు నొక్కడానికి గోడకి ఒక ఆపద మీట ఉంటుంది. నొక్కాడు. ఎవరూ రాలేదు. ఒంటిగంటా యాభై ఏడుకి తలుపు తీసినవాళ్లకి కొయ్యబారిన మనిషి దొరికాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరి ఉంది, స్పృహ లేదు.

ఆ మీట నొక్కితే సైరన్ మోగాలి. మోగే ఏర్పాటు చేసింది అక్కడ ఇంజనీరుగా ఉన్న నా మేనకోడలు. మోగకుండా చేసింది కూడా ఆ పిల్లేనని సెక్యూరిటీ ఆఫీసరు వాదన. మూడు గంటలకి పోలీసులు వస్తారు. ఆయన రిపోర్టు అప్పటికే తయారైంది. అందులో ఉన్నది ఒక్కటే పేరు. "తమ్ముడూ, దాన్ని తీసుకుపోతారట్రా" అని మా అక్క పొద్దున ఫోన్లో ఏడిస్తే, నిన్నటి చొక్కా విప్పకుండానే పరిగెత్తుకొచ్చాను.

చేతికి దొరికిన ప్రతిదానికీ సీలు వేస్తాడని ఆ ఆఫీసర్ని అందరూ చాటుగా సీలయ్య అంటారు. నన్ను చూడగానే మీసం కింద నవ్వాడు.

"రండి పోస్టుమాస్టారూ. స్టాంపులు తెచ్చారా?"

"తెచ్చాను. తడిపి అంటించడానికి మీ నాలుక ఉందిగా."

ఆయన నవ్వు ఆగింది. గోడ గడియారం వైపు చూపించాడు. రెండూ ఐదు.

మొదట గేటు వాచ్‌మన్‌ని పిలిపించాను. వస్తూనే చేతులు కట్టుకున్నాడు.

"నాదే తప్పండీ. రాసుకోండి."

"రాసుకోవడానికి తొందరేముంది. మీట నొక్కితే నీ దగ్గర ఏమవుతుంది?"

"నా వెనకాల బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుందండీ."

"వెలిగిందా?"

"వెలిగే ఉంటుంది. నేను చూళ్లేదు. బోర్డుకి వీపు పెట్టి కూర్చున్నా."

"ఎందుకలా కూర్చున్నావు?"

అతను నా మొహం చూశాడు. తర్వాత నా చెప్పులు చూశాడు.

"చెప్పవయ్యా," అని సీలయ్య కసిరాడు.

"కథ వింటున్నానండీ."

ఎవరి కథ అని నేను అడగలేదు. ముందురోజు పిల్లకి అన్నం క్యారేజీ తెచ్చింది నేను. పిల్ల కనబడకపోతే దాన్ని టీ గదిలో పెట్టేసి, పోతూ పోతూ గేటు దగ్గర ఆగాను. ఒకసారి వరదలో ఉత్తరాల సంచీ ఏట్లో పడితే, దాన్ని మింగిన చేప రైలు కన్నా ముందే తర్వాతి స్టేషన్‌కి చేరిందనీ, కడుపు కోసి చూస్తే స్టాంపు మీద ముద్ర కూడా చెరగలేదనీ చెప్పే కథ ఒకటుంది నా దగ్గర. దానికి అరగంట పైనే పడుతుంది. ఒంటిగంటా పన్నెండుకి ఎత్తుకుంటే, ముగించేసరికి ఒంటిగంటా యాభై. మధ్యలో వాచ్‌మన్ కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. గొంతు బాగుందని సంబరపడ్డానే గానీ, వాడి వెనకాల ఏముందో చూడలేదు.

"ఆ తప్పులో సగం నాది," అన్నాను. "అది కూడా రాసుకోండి."

సీలయ్య రాసుకోలేదు. వాచ్‌మన్ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నిన్నటి అతిథి కార్డు మీరు తిరిగి ఇవ్వలేదండీ," అన్నాడు.

"ఇస్తాలేవయ్యా, తినేస్తానా," అని, అప్పుడే ఇచ్చిన పన్నెండో నంబరు కార్డు మెడలో సర్దుకున్నాను.

మేనకోడలు కంట్రోల్ రూములో మూడు తెరల ముందు కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నేనే చేశాను మావయ్యా. ఇక అడగడానికేం లేదు."

"పాలగిన్నె తన్నేసి పిల్లి మీద పెట్టినదానివి. ఇవాళ ఇంత నిజాయితీ ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

నవ్వలేదు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"ఏం చేశావో మొదటినుంచీ చెప్పు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమని గుర్తుపెట్టుకుని చెప్పు."

"ఇక్కడ ఏం జరిగినా, తలుపు తెరుచుకున్నా, చలి తగ్గినా, మీట నొక్కినా, అక్కడున్న యంత్రం ఒక చిన్న కబురు పంపుతుంది. దాన్ని ఈవెంట్ అంటాం. ఎవరికి చేరాలో ఆ యంత్రానికి తెలీదు. జరిగింది మాత్రం చెప్పేసి ఊరుకుంటుంది. అది క్లౌడ్‌లో ఉన్న రౌటరు దగ్గరికి పోతుంది."

"క్లౌడ్ అంటే మబ్బుల్లోనా?"

"ఎక్కడో ఉన్న కంప్యూటర్లు మావయ్యా. మనం అద్దెకి వాడుకుంటాం."

"అంటే నా రైలు పెట్టె. రౌటరు అంటే నేను."

"అంతే అనుకో. రౌటరుకి నేను రూల్స్ రాసిపెట్టాను. ఆపద మీట ఈవెంట్ వస్తే రెండు చోట్లకి పంపాలి, సైరన్‌కి, గేటు బోర్డుకి. ఇంకో రూలు, వచ్చిన ప్రతిదాన్నీ ఒక చోట దాచిపెట్టాలి."

"ఒకే ఉత్తరం రెండు గళ్లలో వేస్తే మమ్మల్ని సస్పెండ్ చేసేవాళ్లు."

"కాపీలు వెళ్తాయి మావయ్యా." గొంతు సర్దుకుంది. "రూలు ఉంటే సరిపోదు. సైరన్‌ని ముట్టుకోవడానికి రౌటరుకి అనుమతి ఉండాలి. నిన్న పన్నెండూ యాభై ఐదుకి ఆ అనుమతి నేను తీసేశాను."

"విన్నారుగా," అన్నాడు సీలయ్య. "నేను చెబితే నమ్మలేదు."

"ఎందుకు తీశావమ్మా?"

"నాలుగో గదిలో పేరుకున్న మంచు కరిగించాలి. ఆ పని చేస్తుంటే చలి తగ్గిందని సైరన్ గంటసేపు గోల పెడుతుంది. అందుకని ప్రతిసారీ దాన్ని నిద్రపుచ్చుతాం. నిద్రపుచ్చి, మంచు కరిగించే మిషను కోసం వెనక షెడ్డుకి వెళ్లాను. అది రిపేరులో ఉంది. తిరిగొచ్చేసరికి ఒంటిగంటా యాభై ఏడు."

"మరి స్టోర్‌కీపరు నొక్కిన మీట?"

"రౌటరు గేటు దీపం వెలిగించింది. సైరన్ దగ్గరికి కూడా వెళ్లింది. అనుమతి లేదని వెనక్కి పంపేసింది సైరన్. మళ్లీ వెళ్లింది, మళ్లీ వెళ్లింది."

"ఎంత తట్టినా తలుపు తీయని ఇళ్ల ఉత్తరాలకి మా దగ్గర ఒక సంచీ ఉండేది."

"మా దగ్గరా ఉంది," అంది. తెర మీద ఏదో తెరిచింది. "మూడున్నాయి. ఒంటిగంటా పన్నెండు. ఒంటిగంటా పంతొమ్మిది. ఒంటిగంటా ముప్ఫై ఒకటి."

ముప్ఫై ఒకటి తర్వాత లేవు. ఎందుకు లేవని ఎవరూ అడగలేదు. ఆ ముప్ఫై ఒకటో నిమిషంలో నా చేప ఏట్లో ఎక్కడిదాకా ఈదిందో లెక్క వేసుకోబోయి మానేశాను.

"ఈ సంచీలు, రైళ్లు నాకెందుకు?" అన్నాడు సీలయ్య. "అనుమతి తీసింది ఈవిడ పేరుతోనే. తెర మీద ఉంది. వారం కిందట స్టోర్‌కీపరుతో గొడవ కూడా పడింది."

"పేరు కవరు మీద ఉంది. లోపల ఏముందో మీరు చదవలేదు."

"మీరు చదివారేమిటి?"

"ఇంకా లేదు. ముందు ఆ తలుపు చూపించండి."

నడవా తలుపు దగ్గర కార్డు చూపిస్తే తెరుచుకుంది. నాలుగో గది గుమ్మం పక్కన, నా భుజమెత్తున, సైరన్ పెట్టె ఉంది. దాని పైభాగం బల్లలా చదునుగా ఉంది. వేలితో రాసి చూశాను. గుండ్రంగా ఎండిన మరక తగిలింది. టీ మరక.

"ఇదేమిటి?"

మేనకోడలు మొహం తిప్పుకుంది. వెనకాలే వచ్చిన వాచ్‌మన్ చెప్పాడు.

"కప్పు గుర్తండీ. సైరన్‌ని నిద్రపుచ్చినవాళ్లు వాళ్ల టీ కప్పు తెచ్చి దీనిమీద పెట్టాలి. కప్పు ఉన్నంతసేపు ఎవరూ లోపలికి పోరు. ఎవరిది ఏ రంగో అందరికీ తెలుసు. పెట్టినోళ్లే తీయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. మేడమ్‌ది నీలం."

"ఇది ఎక్కడన్నా రాసి ఉందా?"

"లేదండీ. అలవాటు. ఇక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు."

ఇక్కడ పనిచేసేవాళ్లందరికీ. ఆ మాట నా చెవిలో పడింది. మంచినీళ్లు కావాలన్నాను. చలి తగిలిందేమో ముసలాయనకి అని సీలయ్యే సీసా అందించాడు. శత్రువైనా మర్యాద తెలిసినవాడు.

"నిన్న కప్పు పెట్టావామ్మా?"

"పెట్టాను," అంది గోడ చూస్తూ. "తర్వాత నేనే తీసేశాను. మర్చిపోయి."

"షెడ్డులో ఉండి తీశావా?"

సీలయ్య ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు.

"కప్పు టీ గదిలో దొరికింది. శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. పెట్టె మీద లేదు గనకే స్టోర్‌కీపరు ధైర్యంగా లోపలికి వెళ్లాడు. కావాలని చేసిన పని ఇది. కప్పు నా సంచీలో సీలు వేసి ఉంది. నిన్నటినుంచీ ఇక్కడ ఏదీ మారలేదు. సైరన్ కూడా అలాగే నిద్రలో ఉంది. అన్నీ సాక్ష్యాలే."

ఫోటో చేతిలోకి తీసుకున్నాను. గుడ్డ మీద నీలం కప్పు బోర్లించి ఉంది. దాని అంచు కింద ఒక చెంచా.

మా అమ్మ పదిమంది పిల్లల గిన్నెలు కడిగేది. బోర్లించిన గిన్నె కింద గాలి ఆడకపోతే వాసన పడుతుందని ప్రతి గిన్నె కిందా ఒక పుల్లో, గరిటో ఆనించేది. ఆ ఫోటోని ఎంతసేపు చూశానో నాకు తెలీదు. సీలయ్య చెయ్యి చాపి ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"ఏమన్నా దొరికిందా డిటెక్టివ్ గారూ?"

"దొరికింది. కంట్రోల్ రూముకి పదండి."

సీలయ్య తలుపు కాస్త తెరిచి లోపలి పిడి చూపించాడు. మంచు దాన్ని ముద్దగా పట్టుకుని ఉంది.

"మూడు రోజుల్నుంచి చెబుతూనే ఉన్నానండీ," అన్నాడు వాచ్‌మన్. అతని కళ్లు పిడి మీదే ఉన్నాయి. "రెండు నిమిషాలు గీకితే పోయేది."

"ఏదీ ముట్టుకోకు. తలుపు మూసి, సీలు వేసి, గేటుకి పో," అన్నాడు సీలయ్య.

కంట్రోల్ రూముకి వచ్చేసరికి రెండూ నలభై.

"వచ్చిన ప్రతి ఈవెంటునీ దాచిపెడతానన్నావు," అన్నాను మేనకోడలితో. "నిన్న పన్నెండూ యాభై నుంచి వరుసగా చదువు."

"ఎందుకు మావయ్యా, ఒప్పుకున్నాను కదా."

"చదువు."

చదవడం మొదలుపెట్టింది. గొంతు చదునుగా, పాఠం అప్పజెప్పినట్టు ఉంది. "నలభై ఒకటి. సైరన్ అనుమతి తొలగింపు. పన్నెండూ యాభై ఐదు. నలభై రెండు. రెండో గది చలి మామూలు. పన్నెండూ యాభై ఎనిమిది. నలభై నాలుగు. నాలుగో గది తలుపు తెరిచారు. ఒంటిగంటా పది."

"నలభై మూడు?"

"అదేం లేదు. పనికిరానిది."

"ఊగే రైల్లో గంటకి రెండువేల ఉత్తరాలు విడదీసినవాణ్ణి. నా ముందు ఒక కవరు మడతపెట్టి కూర్చుంటే తెలీదనుకున్నావా?"

సీలయ్య కుర్చీ ముందుకి జరిపాడు. "చదవమ్మా," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో అనుమానం నా మేనకోడలి మీద నుంచి పక్కకి జరిగింది.

"మావయ్యా, వద్దు," అంది నెమ్మదిగా. "నువ్వు ఇంటికి వెళ్లిపో. నేను చూసుకుంటాను."

"చదువు తల్లీ."

తెర వైపు తిరిగింది. "నలభై మూడు. అతిథి కార్డు, నంబరు ఏడు. నాలుగో గది నడవా తలుపు. ఒంటిగంటా మూడు."

"ఏడో నంబరు ఎవరిది?" అని సీలయ్య గేటుకి ఫోన్ చేయబోయాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి అప్పటికే చొక్కా జేబులో ఉంది. కళ్లజోడు పెట్టె తీశాను. దాని మూతలో ఇరుక్కున్న కార్డు లాగి బల్ల మీద పెట్టాను. ఏడు.

ఆ మూడోవాడి వంతు ఇదే.

"పిల్ల ఎక్కడుందోనని నడవాలోకి వెళ్లాను," అన్నాను. "పెట్టె మీద కప్పు కనబడింది. సగం టీ ఉంది. చిన్నప్పటినుంచీ అంతే, సగం తాగి ఎక్కడబడితే అక్కడ వదిలేస్తుంది అనుకున్నాను. తీసుకెళ్లి కడిగాను. బోర్లించాను. గాలి ఆడాలని చెంచా పెట్టాను. క్యారేజీ పక్కనే పెట్టి, మంచి పని చేశానన్న తృప్తితో గేటు దగ్గరికి పోయి, దీపం చూడాల్సినవాడి కుర్చీ నా వైపు తిప్పించుకున్నాను. స్టోర్‌కీపరు చావుబతుకుల్లో ఉన్నాడంటే రెండు పొరపాట్లు కలిశాయి. రెండూ నావే."

సీలయ్య పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. కంచే చేను మేసిందని నా మొహం మీదే అంటాడని చూశాను. అనలేదు. అంటే బాగుండేది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను మేనకోడలితో.

"చెంచా చూడగానే. అలా చెంచా ఆనించడం అమ్మమ్మ అలవాటు." కళ్లు తుడుచుకుంది. "నువ్వు తెలిసి చేయలేదు మావయ్యా. నేను ఒక కాగితం మీద రాసి అంటించి ఉంటే సరిపోయేది. అంత పెద్ద రౌటరు పెట్టి, కప్పుని నమ్ముకున్నాను."

"నిన్ను తీసుకుపోతే మీ అమ్మకి నేనేం చెప్పేవాణ్ణే?"

"మీ ఇద్దరిలో ఎవర్ని రాయమంటారు?" అన్నాడు సీలయ్య. ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

"నన్ను రాయండి. వృత్తి అన్నచోట డిటెక్టివ్ అనే రాయండి, జనం నవ్వుకుంటారు. దానికి ముందు ఒక పని మిగిలుంది." తెర వైపు తిరిగాను. "ఆ సంచీలో మూడున్నాయన్నావు. సైరన్‌కి అనుమతి తిరిగి ఇచ్చేసి వాటిని పంపు."

"ఇప్పుడెందుకు? సాక్ష్యాలు చెదురుతాయి," అన్నాడు సీలయ్య.

"ముప్ఫై రెండేళ్లలో సంచీలో ఒక్క ఉత్తరం వదిలి ఇంటికి పోలేదు. ఆ మనిషి మూడుసార్లు పిలిచాడు. ఒక్కసారన్నా ఎవరికో ఒకరికి వినబడాలి. కాపీ మీ దగ్గర ఉండనే ఉంటుంది."

సీలయ్య గడియారం చూశాడు. రెండూ యాభై రెండు. నా కార్డు వంక చూసి, తల ఊపాడు.

మేనకోడలు ఏవో రెండు మీటలు నొక్కింది. "అనుమతి ఇచ్చాను. మొదటిది పంపుతున్నాను."

గోడలు దాటి సైరన్ వచ్చింది. పది సెకన్లు. బల్ల మీద గాజు గ్లాసు సన్నగా వణికింది. ఒంటిగంటా పన్నెండు. అప్పుడు నేను గేటు దగ్గర గొంతు సవరించుకుంటున్నాను.

రెండోది మోగింది. ఒంటిగంటా పంతొమ్మిది. అప్పుడు సంచీ ఏట్లో పడింది, వాచ్‌మన్ అయ్యో అన్నాడు.

మూడోది మోగింది. ముప్ఫై ఒకటి. నేను తల దించుకున్నాను. సీలయ్య కూడా లేచి నిలబడ్డాడు. పది సెకన్ల తర్వాత ఆగిపోయింది.

సైరన్ మళ్లీ మోగింది.

"ఇంకోసారి పంపావా?" అన్నాను.

"లేదు మావయ్యా." ఆమె రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. "సంచీ ఖాళీ."

కిటికీలోంచి గేటు కనబడుతోంది. వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని వెనకాల బోర్డు మీద ఎర్రదీపం, చూసేవాళ్లు లేక, ఒంటరిగా వెలుగుతోంది.

"సీలు వేసి గేటుకి పొమ్మన్నాను," అన్నాడు సీలయ్య. మొహం పాలిపోయింది. "పిడి గీకడానికి పోయాడు. కప్పు... కప్పు నా సంచీలో ఉంది."

ఆయన మాట పూర్తయ్యేలోపే మేనకోడలు గుమ్మం దాటింది. అరవై తొమ్మిదేళ్ల వయసులో నేను కూడా పరిగెత్తాను. పరిగెత్తుతూ వెనక్కి తిరిగి ఒకసారి తెర చూశాను. నాలుగో గది, ఆపద మీట, రెండూ యాభై మూడు. తేదీ ఇవాళ్టిది.